వాద్యకారుల సహాయార్థం ఊరి మేళాల కచేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పేటల్లో వాయిద్యం మీద బతికేవాళ్ళు చాలామందే ఉన్నారు. సన్నాయి మేళం, బ్యాండు పార్టీ, భజన బృందం, జముకు వాయిస్తూ కథ చెప్పే జముకుల కథ దళం, తప్పెటగుళ్ళ జట్టు, ఒడియా వాళ్ళు ‘తెలింగి బాజా’ అని పిలిచే డప్పుల దళం, అన్నీ కలిపి. వాళ్ళలో ఒకరు మంచాన పడితేనో, పోతేనో మిగతా మేళాలు ఒకచోట చేరి కచేరీ పెట్టి ఆ ఇంటికి నాలుగు డబ్బులు చేర్చాలనుకుంటాయి. అలా పూనుకునేవాళ్ళు, వాయించడానికి వచ్చేవాళ్ళు, టికెట్టు కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇవీ జవాబులు.

చందాలు పోగుచేసి ఇచ్చేస్తే పోదా? కచేరీ దేనికి?

చాలాసార్లు చందాలే మేలు. 400 మంది 100 రూపాయల టికెట్టు కొన్నారనుకోండి, చేతికొచ్చేది 40,000. అందులోంచి షామియానా, కుర్చీలు, మైకు, జనరేటర్, బళ్ళ కిరాయి, భోజనాలు తీసేస్తే మిగిలేది చూసి నీరసం వస్తుంది. ఖర్చు టికెట్ల రాబడిలో మూడో వంతు దాటేలా కనిపిస్తే కచేరీ మాట మానుకుని ఇంటింటికీ వెళ్ళడమే నయం.

కచేరీ లాభించేది రెండు సందర్భాల్లో. షామియానా, మైకు, స్థలం లాంటివి కిరాయి లేకుండా వస్తువు రూపంలో దొరికినప్పుడు ఒకటి. ఊళ్ళో పెద్ద మొత్తం ఇవ్వగలిగినవాళ్ళు కొందరు ఉండి, పదిమందిలో ఇవ్వడానికి సందర్భం కోసం చూస్తున్నప్పుడు రెండోది. అసలు డబ్బు వచ్చేది ఆ రెండో దారిలోనే. టికెట్టు జనాన్ని రప్పించడానికి పనికొస్తుంది, అంతే.

సహాయం ఎవరికని ఎలా తేల్చాలి?

ప్రకటన వేయకముందే పేరు, అవసరం, మొత్తం మూడూ కాగితం మీద పెట్టండి. ‘పేద కళాకారుల సహాయార్థం’ అని గుండుగుత్తగా వేస్తే కచేరీ మర్నాడే గొడవ మొదలవుతుంది, ప్రతి మేళంలోనూ పేదవాళ్ళే కదా.

వైద్యం కోసమైతే ఆ కుటుంబానికి ఆయుష్మాన్ కార్డు ఉందా, ఆ ఆసుపత్రిలో, ఆ జబ్బుకు అది చెల్లుతుందా అని ముందు కనుక్కోవాలి. కార్డు మీద అయ్యే ఆపరేషన్‌కి మళ్ళీ డబ్బు పోగుచేయనక్కర్లేదు. కార్డుకు అందని ఖర్చులే ఇంటిని ముంచుతాయి. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి నుంచి విశాఖకు పంపిస్తే రాకపోకలు, తోడున్నవాళ్ళ తిండీ బసా, బయట కొనే మందులు, వైద్యం సాగిన నెలల్లో పోయిన కూలి. వీటికి విడివిడిగా లెక్క వేసి ఆ మొత్తాన్నే లక్ష్యంగా చెప్పండి. వయసు మళ్ళిన కళాకారుడైతే ఒడిశా ప్రభుత్వపు ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజన కింద నెలనెలా వచ్చే భృతికి దరఖాస్తు చేశారా లేదా అన్నది కూడా అప్పుడే చూసేయండి. కచేరీ డబ్బు ఒక్కసారి వచ్చేది, అది నెలనెలా వచ్చేది.

మంచం మీద ఉన్న మనిషి ఫొటో పోస్టరు మీద వేయకండి. సన్నాయి పట్టుకుని కూర్చున్న పాత ఫొటో ఏ పెళ్ళివారింటి ఆల్బంలోనో దొరుకుతుంది.

ఏ నెలలో పెట్టాలి?

ముహూర్తాలు ఉన్న రోజుల్లో కచేరీ పెడితే మేళాలు రావు, వస్తే వాళ్ళ బేరాలు పోతాయి. కాబట్టి పంచాంగం పట్టుకుని పెళ్ళిళ్ళు లేని రోజులు వెతకాలి. మూఢం రోజులు, ఆషాఢం, ధనుర్మాసం, ఈ మూడే దారులు.

ఆషాఢంలో వాన. పైగా ఒడిశాలో అది రథయాత్ర నెల, బాజాల వాళ్ళకు ఖాళీ ఉండదు. మూఢం ఒక్కో ఏడాది ఒక్కో కాలంలో పడుతుంది, చూసుకోవాలి. మాకు నచ్చేది డిసెంబరు 16 నుంచి జనవరి సంక్రాంతి దాకా ఉండే ధనుర్మాసం. వాన భయం తక్కువ. భజన బృందాలకు తెల్లవారుజామున పని, సాయంత్రం ఖాళీ. ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి త్వరగా మొదలుపెట్టి త్వరగా ముగించవచ్చు.

చైత్రం వద్దు. గంజాం ఊళ్ళలో దండ నాట అనే మొక్కుబడి ఆట సాగుతూ ఉంటుంది. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది, ఆ యాత్ర నడిపే దేరా సాలెవాళ్ళు తెలుగువాళ్ళే. ఆ రోజుల్లో ఊళ్ళో ఖాళీగా ఉన్న డప్పు కనపడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షలని మైకు అనుమతి కష్టం. అక్టోబరు గురించి ఈ తీరం వాళ్ళకు వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. అక్టోబరులో షామియానాకు బయానా ఇచ్చేవాళ్ళ ధైర్యం వాళ్ళది.

ఎన్ని మేళాలను పిలవవచ్చు?

ఆరు. అంతకు మించితే లెక్క తప్పుతుంది. ఒక్కో మేళానికి 20 నిమిషాలు, ఆరింటికి 120. మధ్యలో ఐదుసార్లు వేదిక మార్పు, పదేసి నిమిషాలు, 50. దీపం వెలిగించడం, రెండు మాటలు, 15. మొత్తం 185 నిమిషాలు, అంటే మూడు గంటల ఐదు నిమిషాలు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే తొమ్మిది దాటాక అవుతుంది. రాత్రి పది లోపు ఆపాలి కాబట్టి మిగిలిన యాభై ఐదు నిమిషాలూ తప్పులకు కావాలి. తప్పులు జరుగుతాయి.

20 నిమిషాలంటే బ్యాండు వాళ్ళకు నాలుగు పాటలు, భజన వాళ్ళకు మూడు కీర్తనలు. సన్నాయి విద్వాంసులకు ఒక రాగం ఎత్తుకోవడానికే చాలదు. అందుకని వాళ్ళకు పది నిమిషాలు ఎక్కువిచ్చి, జనం కుర్చీల్లో సర్దుకునే సమయంలో మొదలుపెట్టించండి. జముకుల కథ వాళ్ళతో కథలో ఏ ఘట్టం చెబుతారో ముందే మాట్లాడుకోవాలి. రాత్రంతా చెప్పే కథను ఎక్కడ కోయాలో వాళ్ళకే తెలుసు, నిర్వాహకులకు తెలియదు. వేదిక పక్క నుంచి చెయ్యి ఊపి ఆపమనడం మర్యాద కాదు. ఐదు నిమిషాలు ఉందనగా డోలు మనిషికో, వంత పాడేవాడికో కనిపించేలా ఒక చిన్న దీపం వెలిగేలా పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

ఎవరు ముందు, ఎవరు తరవాత?

గౌరవం ప్రకారం వరస వేస్తే తగువు, శబ్దం ప్రకారం వేస్తే తగువుండదు. మెత్తని శబ్దం నుంచి గట్టి శబ్దానికి వెళ్ళాలి. డప్పుల తరవాత భజన పెడితే హార్మోనియం ఎవరికీ వినపడదు, చెవులు అప్పటికే దిమ్మెక్కి ఉంటాయి.

మంగళవాద్యంగా సన్నాయి మేళం మొదట, అది ఎవరూ కాదనరు. తరవాత భజన, జముకుల కథ, మెలొడీ, బ్యాండు పార్టీ. ఆంధ్రాలో ఆర్కెస్ట్రా అనేదాన్నే ఇక్కడ మెలొడీ అంటారు, పోస్టరులో ఆ మాటే వేయండి. తప్పెటగుళ్ళు గానీ తెలింగి బాజా గానీ ఆఖరున.

తప్పెటగుళ్ళ వాళ్ళను వేదిక ఎక్కించకండి. పదిహేను, ఇరవై మంది కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఒక్క తాళం మీద ఎగిరి దూకుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. బల్లలు కలిపి కట్టిన వేదిక ఆ బరువు తట్టుకున్నా ఆ ఊపు తట్టుకోదు, ముందు బల్లల మధ్య కట్లు వదులవుతాయి. వేదిక ముందు 30 అడుగుల మేర నేల ఖాళీగా ఉంచి, రాళ్ళు ఏరించి, నీళ్ళు చల్లించండి. కోలాటానికీ అదే నేల. తొలి కుర్చీల వరస ఆ హద్దు అవతలే.

ఆఖరున అందరూ కలిసి ఒక పాట వాయించవచ్చా?

అందరికీ వచ్చే ఆలోచన ఇదే, ఎక్కువసార్లు చెడేదీ ఇదే. ఎందుకంటే శ్రుతి. సన్నాయి శ్రుతి మాను తొలిచినప్పుడే స్థిరపడిపోతుంది, పీక (నోట్లో పెట్టి ఊదే రెల్లు ముక్క) మార్చి కొద్దిగా సర్దుకోవచ్చు తప్ప అరశ్రుతి కూడా జరపలేరు. మన దగ్గర ఎక్కువగా రెండు, రెండున్నర శ్రుతుల సన్నాయిలు ఉంటాయి (హార్మోనియం మీద ‘సి’ ఒకటి, ‘డి’ రెండు, వాటి మధ్య నల్ల మెట్టు ఒకటిన్నర, అలా లెక్క). బ్యాండు వాళ్ళ ట్రంపెట్టు, క్లారినెట్టు ఆరున్నర శ్రుతి వాయిద్యాలు. అంటే వాళ్ళు ‘సి’ అని వేలు పెడితే హార్మోనియం మీద ఆరున్నర పలుకుతుంది.

సన్నాయి రెండు శ్రుతిదైతే క్లారినెట్టు ‘ఈ’ని షడ్జంగా పట్టుకోవాలి, ఆల్టో శాక్సఫోను ‘బి’ని పట్టుకోవాలి. పెళ్ళి ఊరేగింపులో వాయించే కుర్రవాళ్ళకు ఆ వేళ్ళు అలవాటుండవు, తడబడతారు. అదే రెండున్నర శ్రుతి సన్నాయి దొరికితే క్లారినెట్టుకు ‘ఎఫ్’, ఆల్టోకు ‘సి’ షడ్జమవుతాయి. రెండూ నల్లేరు మీద నడకే. కాబట్టి కలిసి వాయించాలనుంటే ముందుగా రెండున్నర శ్రుతి సన్నాయి ఎవరి దగ్గరుందో అడగండి.

అప్పుడైనా ఫోనులో శ్రుతి చూసే యాప్ పెట్టి ఒకసారి సరిచూడాలి, పాత సన్నాయిలు కొన్ని రెండుకూ రెండున్నరకూ మధ్య ఎక్కడో పలుకుతాయి. ఇత్తడి వాయిద్యాలు చలిలో శ్రుతి దిగుతాయి, పది నిమిషాలు ఊదాక ఎక్కుతాయి. హార్మోనియం కదలదు. ఇన్ని చిక్కులు వద్దనుకుంటే రాగం జోలికి పోకుండా ఆదితాళంలో డోలు, డప్పు, సైడు డ్రమ్ము, తప్పెట, గంజాం ఘంట మృదంగం ఐదూ వరసగా ముక్తాయింపులు వేసుకుంటూ పోవచ్చు. జనం లేచి నిలబడేది దానికే.

రాత్రయ్యేసరికి డప్పులు మెత్తబడుతున్నాయి. ఏం చేయాలి?

తోలు గాలిలో తేమ తాగి సాగుతుంది, శబ్దం దిగిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఎనిమిది దాటాక మంచు కూడా తోడవుతుంది. డప్పు కాచుకోవడానికి వేదిక వెనక, షామియానాకు కనీసం 50 అడుగుల దూరంలో, గాలి వాలుకు అవతల వైపు గడ్డి మంట పెట్టుకోనివ్వండి. పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక, ఒక మనిషి. కాచిన డప్పు పావుగంట, ఇరవై నిమిషాలు నిలుస్తుంది కనక తమ వంతుకు పది నిమిషాల ముందు కాచుకోవాలి. అందుకే ముందు మేళం వంతు దాటిపోకుండా చూడడం అంత ముఖ్యం. అరగంట ఆలస్యమైతే కాచిన డప్పు మళ్ళీ చల్లారి, వాళ్ళు మళ్ళీ మంట దగ్గరికి పరుగెత్తాలి.

డోలును మంట దగ్గర పెట్టరు, గుడ్డ కప్పి ఉంచుతారు. సన్నాయి పీకలు నాలుగైనా ఉండాలి, వంతుకు పావుగంట ముందు నోట్లో నానబెట్టుకోవాలి.

మైకులు ఎన్ని కావాలి?

మైకు సెట్టు యజమాని ఎన్ని ఉంటే అన్నీ పెడతానంటాడు. బ్యాండు పార్టీకి ఆరుబయట 400 మంది ముందు ట్రంపెట్టుకూ డ్రమ్ముకూ మైకు అక్కర్లేదు. క్లారినెట్టుకు ఒకటి చాలు, అది ఇత్తడి కింద అణిగిపోతుంది. సన్నాయికి మైకు కింద వెడల్పుగా ఉండే గంట మూతి దగ్గర కాదు, వేళ్ళ రంధ్రాల ఎదురుగా ఒకటిన్నర అడుగు దూరంలో ఉండాలి. శబ్దం రంధ్రాల్లోంచి కూడా వస్తుంది, గంట దగ్గర పెడితే కొన్ని స్వరాలు పేలి కొన్ని మాయమవుతాయి. డోలుకు ఒక్కటి, తొడుగులు వేసుకుని వాయించే కుడి వైపు. పుల్ల వైపు శబ్దం దానంతటదే వినపడుతుంది. జముకుకు మాత్రం చాలా దగ్గరగా, ఆరంగుళాల్లో. దాని గుమ్మనే శబ్దం దూరం పోదు. భజనకు ముఖ్య గాయకుడికి ఒకటి, హార్మోనియం వెనక ఒకటి, మృదంగానికి ఒకటి, వంత వాళ్ళందరికీ కలిపి రెండు.

ఈ లెక్కన మెలొడీ తప్ప ఏ మేళానికీ ఒకేసారి ఎనిమిది మించవు. మెలొడీ వాళ్ళకే పదహారు చానళ్ళ మిక్సరు కావాలి.

మైకు కూత పెడుతోందంటే స్పీకరులోంచి వచ్చిన శబ్దాన్ని మైకు మళ్ళీ పట్టుకుంటోందని అర్థం. స్పీకర్లు మైకుల వరసకు ముందుండాలి, వెనక కాదు. వేదిక మీద చిన్న స్పీకరు పెడితే దాని ముఖం గాయకుడి వైపు, మైకు వీపు వైపు ఉండాలి. కూత రాగానే మొత్తం తగ్గించేయకండి, ఎవరూ వాడని మైకులు మూసేయండి. సగంసార్లు అక్కడే ఆగిపోతుంది.

జనరేటర్ ఎంత పెద్దది? ఊరి కరెంటు చాలదా?

ఊరి కరెంటు మీద నడిపినా జనరేటర్ సిద్ధంగా ఉండాలి. లెక్క ఇలా: ఆంప్లిఫయర్లకు 4 కిలోవాట్లు, దీపాలకు 3, ఫ్యాన్లు, టీ పొయ్యి వగైరాకు 1. మొత్తం 8. పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే జనరేటర్ కొలతలో 10 కేవీఏ. డ్రమ్ము దెబ్బకు లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి 15 కేవీఏ తెప్పించండి. వంద అడుగుల దూరాన, స్పీకర్లకు వెనక వైపు పెట్టించాలి. దీపాలూ మైకూ వేరు వేరు ఫేజుల మీద ఉండాలి, లేకపోతే దీపం తగ్గించినప్పుడల్లా స్పీకరులో జుమ్మని మోత.

ఇక ప్రాణం మీదికొచ్చే సంగతి. భజన వాళ్ళూ సన్నాయి వాళ్ళూ చెప్పుల్లేకుండా తడి నేల మీద, తడి తివాచీ మీద కూర్చుని మైకు పట్టుకుంటారు. ఎర్తింగు సరిగా లేకపోతే షాకు నేరుగా తగులుతుంది. మైకు సెట్టు ప్లగ్గులన్నీ మూడు పిన్నులవేనా, మూడో తీగ నిజంగా భూమిలోకి వెళుతోందా చూడండి. ప్రధాన బోర్డులో కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. ‘మావాడు ఎన్ని పెళ్ళిళ్ళు చేశాడో’ అన్న మాటకు లొంగవద్దు.

అనుమతులు ఎక్కడెక్కడ తీసుకోవాలి?

స్థలం ఎవరిదైతే వాళ్ళ దగ్గర ముందు: మున్సిపాలిటీ, నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, పంచాయతీ, గుడి, బడి. ఆ కాగితం జతచేసి పోలీసు స్టేషన్లో ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జి) పేర దరఖాస్తు, మైకు అనుమతికి సబ్‌కలెక్టరు కార్యాలయానికి నకలు, అగ్నిమాపక కేంద్రానికి మరో నకలు. దరఖాస్తు ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలి, తెలుగులో రాస్తే కాగితం బల్ల మీదే ఉండిపోతుంది. మూడు వారాల ముందు ఇవ్వండి. ముద్ర వేసిన నకలు కచేరీ రోజు జేబులో ఉండాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఇక్కడా వర్తిస్తాయి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే అక్కడ అనుమతి అడగడమే వృథా. ఇళ్ళ మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్, మైదానం హద్దు దగ్గర దాని మీద 10 కన్నా ఎక్కువ ఉండకూడదు. బ్యాండు పార్టీ ఆ హద్దులో ఒదగడం కష్టమే. అందుకే ఇళ్ళకు వీపు పెట్టి వేదిక కట్టాలి, స్పీకర్లు తక్కువ ఎత్తులో జనం వైపు వంచాలి, పొరుగిళ్ళకు ముందు రోజు వెళ్ళి ఎన్నింటికి ఆపేస్తారో నోటితో చెప్పి రావాలి. ఫిర్యాదు వచ్చేది మీటరు చూసి కాదు, విసుగొచ్చి.

పది దాటాక మైకు ఆపేసి ఉత్త డప్పులు వాయించుకోవచ్చు కదా?

కూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆ నిషేధం మైకుకే కాదు, వాయిద్యాలకూ వర్తిస్తుంది. మూసి ఉన్న హాలైతే వేరు. పండగ రోజుల్లో ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు, మీ కచేరీ ఆ రోజుల్లో పడుతుందని అనుకోకండి.

సినిమా పాటలు వాయిస్తే ఇబ్బందా?

టికెట్టు పెట్టారంటే ఇబ్బందే. పెళ్ళిలో బ్యాండు వాయించే పాటకు 1957 నాటి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. డబ్బు తీసుకోని శ్రోతల ముందు ఔత్సాహిక సంఘం వాయించినా ఇస్తుంది. సహాయార్థం అన్నంత మాత్రాన టికెట్టు కచేరీకి ఆ మినహాయింపు రాదు. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ నుంచి లైసెన్సు తీసుకోవాలి. మెలొడీ వాళ్ళు ‘మేమెప్పుడూ తీసుకోలేదు’ అంటారు, అది నిజమే కావచ్చు, బాధ్యత మాత్రం నిర్వాహకులదే.

రచయిత మరణించిన 60 ఏళ్ళకు హక్కులు ముగుస్తాయి. త్యాగరాజు 1847లో పరమపదించారు కాబట్టి ఆయన కీర్తనలు, జయదేవుడి అష్టపదులు, జముకుల కథలు, పల్లెపదాలు ఎవరైనా వాయించుకోవచ్చు. ఫేస్‌బుక్ ప్రత్యక్ష ప్రసారంలో సినిమా పాట రాగానే శబ్దం ఆగిపోతుంటే కారణం కూడా ఈ హక్కులే.

టికెట్టు మీద జీఎస్టీ ఉంటుందా?

సంగీత కచేరీకి మనిషికి 500 రూపాయల లోపు ప్రవేశ రుసుముకు లేదు. ఇక్కడ అంతకు మించి పెట్టేవాళ్ళు లేరు.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలి?

ఒక్కరి చేతిలో ఉండకూడదు. ముగ్గురి పేర ఉమ్మడి పొదుపు ఖాతా తెరిచి, ఏ ఇద్దరు సంతకం చేసినా తీయగలిగేలా పెట్టుకోండి. ఎవరి సొంత ఖాతాలోనో వేయిస్తే అతని ఇంటి కిరాయి, కరెంటు బిల్లు, కచేరీ డబ్బు కలగలిసిపోతాయి, మంచివాడైనా లెక్క చెప్పలేక చెడ్డవాడవుతాడు. ఏటా పెట్టే ఉద్దేశం ఉంటే 1860 నాటి చట్టం కింద సొసైటీగా నమోదు చేసుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి.

యూపీఐ కోసం క్యూఆర్ అట్టలు పెడితే గంటకోసారి మీ ఫోనుతో స్కాన్ చేసి పేరు సరిచూడండి. పైన ఇంకొకరి కాగితం అంటించేసి పోయేవాళ్ళు ఉంటారు. హుండీకి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. లెక్క ఆ రాత్రే, అక్కడే, ముగ్గురు కూర్చుని. నోట్ల రకాల వారీగా రాసి సంతకాలు చేశాక ఆ కాగితాన్ని ఫొటో తీసి మేళాల పెద్దలందరికీ పంపేయండి. టికెట్టు పుస్తకాలు వరస నంబర్లతో ఉండాలి, అమ్ముడుపోని టికెట్లు కూడా తిరిగి రావాలి. రాని టికెట్టు అమ్ముడుపోయినట్టే లెక్క అని పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పాలి.

వాయిస్తున్నప్పుడు జనం వేదిక మీదికొచ్చి ఇచ్చే నోట్లు ఎవరివి?

ఇది ముందే తేల్చకపోతే మేళాలు జన్మలో మళ్ళీ కలవవు. జేబుకు నోటు గుచ్చడం, డప్పు మీద నోటు పెట్టడం మనవాళ్ళకు అలవాటు. వాయించేవాడికి అది మెప్పు, కూలి కాదు. కొన్ని చోట్ల సగం సగం అంటారు, అది పనికిరాదు, ఎవరు ఎంత దాచారన్న అనుమానం మిగిలిపోతుంది. వేదిక మీద వచ్చినదంతా హుండీకి అనిగానీ, వేదిక మీద వచ్చినదంతా ఆ మేళానిదే అనిగానీ ఏదో ఒకటి ఖాయం చేసి మైకులో రెండుసార్లు చెప్పించండి. మా మాట అడిగితే మేళానికే వదిలేయండి. చిల్లర నోట్ల కోసం మనసులు నొప్పించుకోవడం దండగ.

వాయించే మేళాలకు డబ్బులివ్వాలా? సాయం కోసమే కదా వస్తున్నారు.

బండి కిరాయి, భోజనం తప్పకుండా ఇవ్వాలి. రోజు కూలి మానుకుని వచ్చేవాళ్ళుంటే ఆ కూలి కూడా. చాలామంది బ్యాండు కుర్రవాళ్ళు పగలు తాపీ పనికో, మగ్గానికో, ఆటో మీదికో వెళ్ళేవాళ్ళే. ఒక పేద వాద్యకారుడికి సాయం చేయడానికి డెబ్బైమంది పేద వాద్యకారులు తలో రోజు కూలి పోగొట్టుకుంటే, చందా ఇచ్చింది ఊరు కాదు, వాళ్ళే. డబ్బు వద్దన్నవాళ్ళకు కూడా ఒకసారి అడిగి, రసీదు రాసి, వాళ్ళ చేత్తోనే హుండీలో వేయించండి. అప్పుడు అది వాళ్ళ పేర చందాగా లెక్కలోకి ఎక్కుతుంది.

సన్మానాలు పెట్టవచ్చా?

15 మందికి తలో రెండు నిమిషాలంటే అరగంట, అంటే ఒకటిన్నర మేళం. శాలువాల ఖర్చు వేరే. దాతల పేర్లు పలకడానికి మేళాలు మారే పది నిమిషాలూ వాడుకోండి, అప్పుడెలాగూ వేదిక ఖాళీగా ఉంటుంది. ఉపన్యాసం ఇస్తామనేవాళ్ళకు ఆఖరి మేళం తరవాత సమయం ఉందని చెప్పండి. అడగడం మానేస్తారు.

పాతపట్నం, పలాస, మందస వైపు మేళాలను పిలవవచ్చా?

నిరభ్యంతరంగా. పర్లాకిమిడికి పాతపట్నం మహేంద్రతనయ అవతలి పేట లాంటిదే, రాష్ట్రం మారిందని తాళం మారదు. 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది. జాగ్రత్తలు రెండు. వాయిద్యాలు తెచ్చే గూడ్సు బండి వెనక మనుషుల్ని కూర్చోబెట్టి సరిహద్దు దాటకూడదు, జరిమానా మాట అటుంచి ప్రమాదం. నౌపడా–గుణుపురం లైను మీద వచ్చేవాళ్ళకు తిరుగు రైలు వేళ చూసి వంతు ముందుకు జరపండి. రాత్రికి రైలుండకపోవచ్చు.

ప్రకటనలు ఏ భాషలో?

పోస్టరు ఒడియా, తెలుగు లిపులు రెండింటిలో. వ్యాఖ్యాత ఒక్కరే అయి రెండు భాషలూ మాట్లాడగలిగితే సమయం కలిసొస్తుంది. ఇద్దరిని పెడితే ప్రతి మాటా రెండుసార్లు వినాలి.

భోజనాలు ఎలా?

మేళాలు ఆరు, తలా 13 మంది అనుకుంటే 78, కార్యకర్తలు 22. వంద పొట్లాలు. ఊదేవాళ్ళు నిండు కడుపుతో ఊదలేరు, వాళ్ళకు ముందు టీ, ముఢీ (మరమరాల) మిక్చరు, వంతు అయ్యాక భోజనం. పులిహోర, దద్దోజనం రాత్రి తొమ్మిదైనా పాడవవు. ఆఖరి మేళానికి పొట్లాలు ముందే లెక్కపెట్టి వేరే గదిలో పెట్టండి. ఎప్పుడూ తక్కువయ్యేది వాళ్ళకే.

చిన్నపిల్లలను ముందు కూర్చోబెట్టవచ్చా?

డప్పుల వంతులో వద్దు. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు వినగలిగే చెవి, ప్రతి 3 పెరిగినప్పుడల్లా సగం సేపే తట్టుకుంటుంది. 100 దగ్గర అది పావుగంట. డప్పుల దళం ఎదురుగా ఆ మాత్రం ఉంటుంది. మూడో వరస వెనక కూర్చోబెట్టి, చెవుల్లో దూది పెట్టండి.

ఇచ్చిన చందాకు పన్ను మినహాయింపు వస్తుందా? తీసుకున్న కుటుంబానికి పన్ను పడుతుందా?

వ్యక్తికి ఇచ్చిన చందాకు మినహాయింపు రాదు. చందాలకు పన్ను మినహాయింపు గుర్తింపు (80జీ) ఉన్న సంస్థ ద్వారా ఇస్తేనే వస్తుంది, అదీ నగదు 2,000 దాటితే రాదు. ఇక తీసుకున్నవాళ్ళ సంగతి: బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన మొత్తం 50,000 దాటితే అదంతా ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఆ ఇంటి మొత్తం ఆదాయం పన్ను పరిమితి లోపలే ఉంటే కట్టాల్సిందేమీ ఉండదు. అయినా ఆసుపత్రి బిల్లును కమిటీ ఖాతా నుంచి నేరుగా ఆసుపత్రికే చెల్లించడం అన్ని విధాలా శుభ్రం. అప్పులవాళ్ళు కూడా ఆ డబ్బు మీద పడలేరు.

డబ్బు బదులు వాయిద్యం కొనివ్వవచ్చా?

మనిషి మళ్ళీ వాయించగలిగే స్థితిలో ఉంటే ఇవ్వవచ్చు, తుఫానులో వాయిద్యం తడిసి పాడైన వాళ్ళకైతే అదే సరైన సాయం. కానీ కొత్తది కొనేముందు పాతదాన్ని చూపించండి. డోలుకు మూతలు మారిస్తే, క్లారినెట్టుకు ప్యాడ్లు మారిస్తే, ట్రంపెట్టు వాల్వులు శుభ్రం చేయించి నూనె వేయిస్తే తక్కువ ఖర్చులో పని జరిగిపోతుంది. సన్నాయిని మీరు కొని తీసుకెళ్ళి చేతిలో పెట్టకండి. మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి, నాలుగు సన్నాయిలు ఊది చూసుకోనివ్వండి. పక్క సన్నాయితో, ఉన్న శ్రుతి పెట్టెతో కలవనిది ఎంత ఖరీదైనదైనా పెట్టెలోనే ఉండిపోతుంది.

ఆ రోజు వాన పడితే?

మరో తేదీ టికెట్టు మీదే అచ్చు వేయించండి, డబ్బు వాపసు ఉండదని కూడా. కల్యాణ మండపం ఏదైనా ఆ రెండు రోజులూ ఖాళీగా ఉందా కనుక్కుని మాట తీసుకోండి. మండపంలోకి మారితే డప్పుల దళాన్ని లోపలికి తేవద్దు, వరండాలోనే వాయించనివ్వండి. రేకుల కప్పు కింద ఆ శబ్దం భరించలేరు. షామియానా మీద నీళ్ళు నిలిచి బొజ్జలా వేలాడుతుంటే కింద నుంచి కర్రతో ఒక్కసారి పొడిచి లేపకండి, నీళ్ళన్నీ మైకు సెట్టు మీదకే వస్తాయి. ముందు కరెంటు కట్టేసి, మనుషుల్ని జరిపి, అంచు వైపు తాడు వదులు చేయండి.